కత్తి మీద నింద

మొన్న ముదిగుబ్బలో ఒకరి దినాలకు పోతే భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట. "ఊరికే ఉండింటే ఇంగా రెండేండ్లు బతుకుతాండె కదప్పా. కత్తి పెట్టినారు, పాకిపాయ." చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. పోయినాయనకు మూత్రాశయ క్యాన్సర్. ఆపరేషన్‌కు ఏడాది ముందు నుంచే ఒంటేలులో నెత్తురు పడుతోందని ఆ తలలూపినవాళ్ళందరికీ తెలుసు. ఆ ఏడాది సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడాదంతా ఏం చేశారు? "వేడి చేసింది" అన్నారు. మన కరువు నేల మీద ఒంట్లో ఏది వచ్చినా ఎండ మీదికి తోసేయడం అలవాటైపోయింది. బార్లీ నీళ్ళు తాగించారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. మూడో రోజుకు నెత్తురు ఆగింది, బార్లీకి పేరొచ్చింది. ఈ జబ్బు గుణమే అది. నొప్పి లేకుండా ఎర్రగా పడుతుంది, తనంతట తానే ఆగుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ పడుతుంది. లోపల గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆడవాళ్ళకైతే ఇంకా అన్యాయం. ఇన్‌ఫెక్షన్ అని పేరు పెట్టి, మూత్రపరీక్ష కూడా లేకుండా మాత్రల మీద మాత్రలు మింగిస్తారు.

తొలిసారి బయటపడే కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు కండరం దాకా దిగనివే. వాటికి పొట్ట కొయ్యరు, మూత్రనాళం గుండానే గడ్డను గీకి తీస్తారు. "తీసినా మళ్ళీ వచ్చింది కదా" అంటారు. వస్తుంది. గరిక తీసిన రైతు మళ్ళీ ఆ చేను చూడకుండా ఉంటాడా? అందుకే మొదట్లో మూణ్ణెల్లకోసారి గొట్టం పెట్టి చూస్తారు. అవసరమైతే బీసీజీ మందును మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 1976 నుంచి తెలిసిన వైద్యమిది.

ఎక్కువగా కండరంలోకి దిగాకే మూత్రాశయం మొత్తం తీసేసే పెద్ద ఆపరేషన్ మాట వస్తుంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్యులు ఆ ఆపరేషన్ చేసిన 1,054 మంది లెక్కను 2001లో ప్రచురించారు. జబ్బు మూత్రాశయం దాటనివాళ్ళలో నూటికి 85 మందికి అయిదేళ్ళ దాకా అది తిరగబెట్టలేదు. గోడ దాటినవాళ్ళలో 58 మందికి, లింఫు గ్రంథులకు చేరినవాళ్ళలో 35 మందికే ఆ భాగ్యం. అందరికీ పెట్టింది అదే కత్తి. పాకించేది కత్తే అయితే ఆ 85 మంది ఎట్లా బాగున్నారు?

ఇంకో మాట. ఈ జబ్బుల్లో దాదాపు సగానికి మూలం పొగాకు. దాని విషాలు నెత్తుట్లో కలిసి, మూత్రంలోకి దిగి, మూత్రాశయంలో గంటలకొద్దీ నిలవుంటాయి. ఎండను తిట్టినంత గట్టిగా బీడీని తిట్టేవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు.

వయసైపోయింది, ఇంకెందుకు కోతలంటారు. తట్టుకుంటాడో లేదో గుండే కిడ్నీలూ చూసిన డాక్టరు చెప్పాలి. మూత్రాశయం తీసేశాక మూత్రం కోసం పొట్టకు సంచి తగిలించుకోవడం నామోషీ అంటారు. సంచితో బతకడంలో నామోషీ ఏమీ లేదు. డబ్బు మాట కొంత నిజమే, కూలి పోతుంది, తోడుమనిషి ఖర్చుంటుంది. కానీ పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో యూరాలజీ విభాగముంది.

ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ అడిగినట్టే నలభై దాటిన ప్రతివాళ్ళనూ ఇంకొక్క ప్రశ్న అడగాలి: ఒంటేలులో ఎప్పుడైనా నెత్తురు పడిందా? పడిందన్నవాళ్ళను, ఆగిపోయిందన్నా సరే, ఆ వారంలోనే పరీక్షకు పంపాలి.