అచ్చుతప్పిన దిమ్మెలు

ఆళ్లగడ్డలో కాపురముంటూ చెక్క దిమ్మెల కోసం ఫోను పట్టుకోవడం నా తప్పే. మనవరాలికి నాలుగో పుట్టినరోజని ఒక డబ్బా తెప్పించాను. ఎర్రవి, పచ్చవి, పైన ఏబీసీడీలు, ఏనుగు బొమ్మలు. అయిదు నిలబడ్డాయి, ఆరోది పెట్టగానే కూలాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ కూలాయి. ‘తాతా, నాకు కట్టేది రాదు’ అని డబ్బా మూసేసింది. తర్వాత టేపు పెట్టి కొలిచాను. ఏ రెండూ సరిపోలేదు. కొన్నిటికి మూలమట్టమే లేదు. తప్పు చెక్కది, నింద పిల్ల నెత్తిన పడింది.

కొలత విలువ తెలియాలంటే మా ఊరి విగ్రహాల షెడ్లు చూడాలి. అక్కడ శిల్పి ఉలి అందుకునే ముందు రాతి మీద గీతలు గీస్తాడు. విగ్రహం ముఖం పొడవు ఒక తాలం, అందులో పన్నెండో వంతు ఒక అంగుళం. విగ్రహం తొమ్మిది తాలాలా, పదా అన్నది ముందే తేలాలి. భుజమైనా మోకాలైనా ఆ ముఖం లెక్కలోంచే రావాలి.

న్యూయార్కులో వందేళ్ల కిందట కరొలిన్ ప్రాట్ అనే పంతులమ్మ పిల్లల కోసం చేయించిన దిమ్మెలదీ ఇలాంటి లెక్కే. మందం ఒకటైతే వెడల్పు రెండు, పొడవు నాలుగు. అది నిండు దిమ్మె. దానికి సగం ఒకటి, రెట్టింపు ఒకటి, నాలుగు రెట్లది ఇంకొకటి. రెండు సగాలు చేరిస్తే నిండు దిమ్మె అవుతుంది, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. ఎక్కాలు రాని పిల్లకు భిన్నాలు చేతికి తెలుస్తాయి. ఆమె వడ్రంగం పని నేర్చిన మనిషి కాబట్టే ఈ ఆలోచన వచ్చిందని నా నమ్మకం. అంతకు చాలా ముందే జర్మనీలో ఫ్రోబెల్ ఎనిమిది చిన్న ఘనాలను పెట్టెలో పెట్టి పిల్లల చేతికిచ్చాడు. వాటికీ రంగుల్లేవు, అక్షరాల్లేవు.

ఏటికొప్పాక, కొండపల్లి ఉండగా ఈ దొరల గోలెందుకంటారేమో. అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగు పట్టించే ఏటికొప్పాక పనితనానికి నేను దణ్ణం పెడతాను. కాని తిప్పి చేసేది గుండ్రంగానే వస్తుంది. పొణికి కర్రతో చేసే కొండపల్లి ఎడ్లబండి పిల్ల చేతికి రాకముందే పూర్తయిపోయిన బొమ్మ. దిమ్మె అలా కాదు, పిల్ల ముట్టేదాకా అది ఏమీ కాదు.

చివరికి మా వీధి ఆచారి దగ్గరికి పోయాను.

‘తలుపులు చేసినంక మిగిలిన టేకు, వేప తుంటలు ఉండాయి సామీ, ఎట్లా పొయ్యిలోకే’ అన్నాడు.

‘వేప వద్దబ్బా, నోట్లో పెట్టుకుంటారు.’

‘పెట్టుకోనీ, కడుపులో పురుగు చస్తాది!’

నిండు దిమ్మెకు ఒకటిన్నర, మూడు, ఆరు అంగుళాలు కొలత ఇచ్చాను. గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్క ఒక్కటీ ఉండకూడదన్నాను. పచ్చి కర్ర వద్దన్న మాట మాత్రం ఆయనదే. నంద్యాల ఎండకు అది లాగేసుకుని కొలత మారుస్తుందట. పాత తలుపుల చెక్క బాగా ఆరి ఉంటుంది, కాని పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి రంగు వేసిందాన్ని పక్కన పెట్టించాను. అంచులు ఉప్పుకాగితంతో రుద్దించాను. వార్నిషు లేదు, రంగు లేదు. మొత్తం నలభై.

కొనేవాళ్లకు ఒక మాట. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. రంగులో విషం, ఊడిపోయే ముక్కల సంగతి చూడడానికి ఆ గుర్తు. నా డబ్బా మీదా ఉంది. దిమ్మె నిలబడుతుందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పదు. రెండు సగాలను నిండు దిమ్మె పక్కన ఆనించి, అంచు మీద గోరు నడపండి. గోరు తట్టుకుంటే డబ్బా వెనక్కి పంపండి. రకాలు చూసి మోసపోకండి. ఇరవై ఆకారాల్లో ఇరవై ముక్కల కంటే మూడే ఆకారాల్లో నలభై మేలు.

మొన్న ఆదివారం పద్నాలుగు నిలబెట్టింది. పదిహేనోది నేను పెట్టాను, కూలింది. ‘తాతా, నీకు రాదు’ అంది.

ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ఉంటే తలుపులు చేసే ఆచారికి ఇప్పుడే చెప్పి పెట్టండి, తుంటలు పొయ్యికి పోకముందే.