నాన్నకు స్మార్ట్‌వాచ్ కొనే ముందు ఆయన అరికాళ్లు చూడండి

షుగర్ ఉన్న నాన్నకు ఏ వాచ్ కొనాలని మా పుంగనూరు ఫ్రెండ్స్ అడుగుతుంటారు. సూది గుచ్చకుండా షుగర్ చెప్పేస్తామనే వాచ్‌లు, రింగ్‌లు మాత్రం వద్దే వద్దంటాను. అలాంటి వాటిలో దేనికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

పైగా ఏ వాచ్ కూడా పాదాలను చూడదు. షుగర్‌తో నరాలు దెబ్బతింటే అరికాలికి స్పర్శ తగ్గుతుంది. టమాటా తోటలో ముల్లు దిగినా, చెప్పు కరిచినా నొప్పి తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గితే చిన్న పుండు మానక, వేలు తీసేసేదాకా పోవచ్చు.

రెండు పాదాల వేడిని పోల్చి, 2.2 డిగ్రీల సెల్సియస్ తేడా కొనసాగితే అలర్ట్ ఇచ్చే మ్యాట్‌లు అమెరికాలో ఉన్నాయి. వాటికోసం ఆగక్కర్లేదు, మీ ఫోన్ తీయండి. రోజూ రాత్రి టార్చ్ వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. ఫొటో తీసి, జూమ్ చేసి, నిన్నటిదానితో పోల్చండి. ఎరుపు, వాపు, బొబ్బ, పగులు కనిపిస్తే అదే ఫొటోతో వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆనెకాయను ఇంట్లో బ్లేడుతో కోయొద్దు.

కాళ్లు కడిగాక సందులు తడి లేకుండా తుడవాలి. చెప్పులు వేసుకునే ముందు దులపాలి. ఏడాదికోసారి డాక్టర్‌తో 10 గ్రాముల మోనోఫిలమెంట్ టెస్ట్ చేయించాలి. సన్నటి నైలాన్ పోగుతో స్పర్శ చూసే పరీక్ష అది.

నా రేటింగ్‌లో రోజుకు రెండు నిమిషాల ఈ చెకప్‌ను దాటిన హెల్త్ ఫీచర్ ఇంకా రాలేదు.