పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటర్ పలకడం లేదా?

మా అమ్మ పోయి ఈ నెలకి ఏడాది. సంవత్సరీకానికి మంచి ఫోటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలనుకున్నాం. అమ్మ ఫోటోలన్నీ ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. తీరా కంప్యూటర్ ముందువైపు పోర్టులో పెడితే లైటు కూడా వెలగలేదు. పక్క పోర్టులో పెడితే లైటైతే వెలిగింది గానీ, డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని తెరమీద అడిగింది.

"సరే అని నొక్కేయనా అమ్మా?" అన్నాడు మా అబ్బాయి. నా గుండె ఝల్లుమంది. "ఆగరా నాన్నా, ముందు ఆ మాటకి అర్థమేమిటో చెప్పు" అన్నాను. ఫార్మాట్ అంటే పలక తుడిచేయడం లాంటిదట! నొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుంది.

షాపుకి ఫోన్ చేస్తే, చూడకుండానే "బోర్డు పోయుంటుందండీ, మార్చాలి" అన్నారు. అప్పుడు నాకు మన మిక్సీ గుర్తొచ్చింది. మిక్సీ తిరగకపోతే వెంటనే రిపేరుకి ఇచ్చేస్తామా? ముందు ఇంకో ప్లగ్గులో పెట్టి చూస్తాం కదా! అలాగే పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్ వెనకవైపు పోర్టులో పెట్టించాను. అంతే, ఆవకాయ కలుపుతూ నవ్వుతున్న అమ్మ తెరమీద కనిపించింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

సంగతేమిటంటే, వెనక పోర్టులు బోర్డుకే బిగించి ఉంటాయి. ముందువి సన్నని వైరుతో బోర్డుకి కలిపి ఉంటాయి. పండక్కి ఇల్లు దులిపినప్పుడు ఆ డబ్బాని అటూ ఇటూ జరిపాం. వైరు వదులైంది. తెలిసిన కుర్రాడు వచ్చి డబ్బా విప్పి, వైరు సరిగ్గా నొక్కి పెట్టాడు. బోర్డు మార్చే పనే పడలేదు.

మీ ఇంట్లో ఇలా జరిగితే కంగారు పడకండి. వరసగా ఇవి చేసి చూడండి.

* అదే పెన్‌డ్రైవ్‌ని వేరే పోర్టులో పెట్టండి. తర్వాత అదే పోర్టులో వేరే వస్తువు, మౌస్ లాంటిది, పెట్టండి. తప్పు పోర్టుదా, పెన్‌డ్రైవ్‌దా తేలిపోతుంది.

* లైటు వెలిగినంత మాత్రాన పోర్టు బాగున్నట్టు కాదు. మామూలు యు.ఎస్.బి.లో నాలుగు పట్టీలుంటాయి. రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. కరెంటు అంది, సమాచారం అందకపోవచ్చు.

* కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. మళ్ళీ ఆన్ చేయండి. చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది.

* పోర్టులో దుమ్ము, నూగు చేరుతుంది. కంప్యూటర్ ఆపాకే, పొడిగా ఉన్న మెత్తని బ్రష్షుతో తీయండి. పిన్నీసు, సూది, తడిగుడ్డ అసలు వద్దు.

* విండోస్ కంప్యూటర్ అయితే స్టార్ట్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'డివైస్ మేనేజర్' తెరవండి. పైన 'యాక్షన్'లో 'స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్' నొక్కండి. కంప్యూటర్ తనకి తగిలించిన వస్తువులన్నీ మళ్ళీ వెతుక్కుంటుంది.

* పెద్ద హార్డ్‌డిస్కు పనిచేయకపోతే కరెంటు చాలకపోయుండొచ్చు. యు.ఎస్.బి. 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తే, 3.0 పోర్టు 900 ఇస్తుంది. చాలావాటికి లోపల నీలం రంగు ఉంటుంది. అందులో పెట్టి చూడండి.

పోర్టు వదులుగా ఊగుతున్నా, కాలిన వాసన వచ్చినా, నీళ్ళు పడినా మాత్రం సొంత వైద్యం వద్దు. ప్లగ్గు తీసేసి మెకానిక్‌కి చూపించండి.

అన్నిటికంటే ముఖ్యం, ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఎంత తొందరలో ఉన్నా 'వద్దు' అనండి. మేమైతే ఆ రోజే అమ్మ ఫోటోలు కంప్యూటర్‌లో ఒకసారి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఒకసారి ఎక్కించి, దాన్ని బీరువాలో నగల పక్కన పెట్టాం. నగలు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు. అమ్మ నవ్వు ఎక్కడ తెచ్చుకుంటాం చెప్పండి?