బాలింతను ఓర్చుకోమనకండి

ప్రొద్దుటూరులో కాన్పయి, బిడ్డనెత్తుకుని చాపాడు పల్లెల్లోని పుట్టిళ్లకు చేరుతున్న తల్లులారా, మీ ఇళ్లలోని అవ్వలారా, అత్తలారా, కాస్త వినండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సమ్మ చూసుకుంటుంది. చనుమొనలు ఒరుసుకుపోయి, పగిలి, బిడ్డ నోరు పెట్టగానే కళ్లనీళ్లు తిరిగేది ఇంటికొచ్చిన ఆ తొలి వారంలోనే. అప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "తొలికాన్పుకు మామూలే, ఓర్చుకో." దయచేసి ఆ మాట అనకండి.

మొదటి రోజుల్లో బిడ్డ పట్టగానే కాసేపు చురుక్కుమంటుంది, నిజమే. తాగినంతసేపూ నొప్పి, పగుళ్లు, నెత్తురు మాత్రం మామూలు కాదు. చాలామందికి కారణం ఒకటే: బిడ్డ మొనను మాత్రమే పట్టి చీకుతోంది. తాగి వదిలాక మొన నలిగి, అణిగిపోయి కనిపిస్తే అదే గుర్తు.

పట్టించే తీరు మార్చండి. బిడ్డ కడుపు మీ ఒంటికి ఆనాలి. తల, నడుము ఒకే వరుసలో ఉండాలి. నోరు బాగా తెరిచాకే దగ్గరికి తీసుకోండి. మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. నొప్పి తగ్గలేదా? లాగేయకండి. శుభ్రమైన చిటికెనవేలు బిడ్డ నోటి మూలన పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. తాగాక రెండు చుక్కల పాలు మొనకు రాసి గాలికి ఆరనివ్వండి. సబ్బుతో రుద్దొద్దు. సున్నం, ఆకు పసర్లు, పేరు తెలియని పూతమందులు వద్దు. రాసినదంతా పోయేది బిడ్డ నోట్లోకే.

నొప్పికి భయపడి పాలు మాన్పిస్తే ముప్పు రెండింతలవుతుంది. పాలు నిలిచి రొమ్ము రాయిలా గట్టిపడుతుంది. పగుళ్ల గుండా క్రిములు చేరితే చీము పడుతుంది, కోత దాకా పోవచ్చు. పాలు తాగేకొద్దీ ఊరతాయి, తాగకుంటే తగ్గిపోతాయి. ఆ సందులోనే డబ్బాపాలు, సీసా ఇంట్లోకి వస్తాయి. సీసాను సరిగా మరిగించకపోయినా, నీళ్లు మంచివి కాకపోయినా విరేచనాలు. డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలివ్వడాన్ని 1992లోనే చట్టం నిషేధించింది. ఊరికే నిషేధించలేదు. తేనె, చక్కెర నీళ్లు కూడా నాకించొద్దు. మన ఎండాకాలంలోనైనా 6 నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, నీళ్లు అక్కర్లేదు.

ఈ గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. తల్లికి చలిజ్వరం. రొమ్ములో ఒకచోట ఎర్రబారి, వేడెక్కి, గడ్డ తగలడం. మొన నుంచి చీము. అంతకన్నా ముఖ్యంగా బిడ్డను చూడండి: పాలు పట్టకపోవడం, మగతగా పడి ఉండడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడడం. అయిదో రోజు దాటాక రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోయకపోతే కడుపు నిండడం లేదని అర్థం. బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలుండి, తల్లికి మొనల్లో మంటగా ఉంటే అది నోటిపూత కావచ్చు. మందు ఇద్దరికీ కావాలి.

జ్వరమొస్తే పాలు చెడిపోతాయని రొమ్ము మాన్పించకండి. చెడిపోవు. తాగించడమో, పిండి తీయడమో జరుగుతూనే ఉండాలి, వైద్యమూ జరగాలి.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. వచ్చినప్పుడు బరువు తూయించి పంపేయకండి. సిగ్గుపడకుండా ఆమె ముందే పాలిచ్చి, పట్టు సరిగా ఉందో లేదో చూపించుకోండి. రాకపోతే కబురు పెట్టండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, ప్రొద్దుటూరు ప్రభుత్వాసుపత్రి ఉంది, అత్యవసరమైతే 108 ఉంది.

అవ్వలారా, మీ అనుభవం ఆ పిల్లకు కొండంత అండ. "ఓర్చుకో" అనే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని, బిడ్డ ఎలా పట్టిందో చూడండి. అబ్బాయిలూ, రాత్రి జ్వరమొస్తే బండి తీయడానికి వెనకాడొద్దు. ఇది ముందే ఆపగలిగిన బాధ. ఆపుదాం.