గేమింగ్ కంప్యూటర్‌లో కనబడని ఖర్చు

తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కావాలంటే విడిభాగాలు కొని బిగించుకోవాలా, రెడీమేడ్‌ది తెచ్చుకోవాలా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా ఈ చర్చ ధర దగ్గర మొదలై ధర దగ్గరే ఆగిపోతుంది. మొత్తం బిల్లు ఒకటే అయినా, ఆ సొమ్ములో ఏ భాగానికి ఎంత వెళ్లిందన్నదే గేమ్ నడిచే తీరును నిర్ణయిస్తుంది.

ర్యామ్ సంగతే చూడండి. ప్రకటనలో ‘16 జీబీ’ అని ఉంటుంది. అది ఒకే స్టిక్కా, 8 జీబీల స్టిక్కులు రెండా అన్నది చాలాసార్లు చెప్పరు. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులుంటాయి. డీడీఆర్4-3200 స్టిక్ ఒక్కటే పెడితే సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్ల సమాచారం వెళ్తుంది. రెండు స్టిక్కులను సరైన స్లాట్లలో పెడితే 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. కానీ తక్కువ బడ్జెట్‌వారు తరచూ ఎంచుకునేది రైజెన్ 5 5600జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌ను. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. తెరపై బొమ్మ గీయడానికీ ఈ ర్యామే దిక్కు. అక్కడ ఒకే స్టిక్ పెట్టడమంటే ఎద్దుకు సగం మేతే వేసి పూర్తి దుక్కి దున్నమనడమే.

ఇక ఎస్‌ఎంపీఎస్. బేరంలో మొదటి కోత పడేది దీని మీదే. చవక క్యాబినెట్‌తో పాటు వచ్చే దాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో రాసి ఉండవచ్చు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ప్రధానంగా కావలసింది మాత్రం 12 వోల్టుల లైను నుంచి వచ్చే కరెంటు. లేబుల్‌పై ఆ లైనుకు 18 ఆంపియర్లని ఉంటే, 12ను 18తో గుణిస్తే వచ్చేది 216 వాట్లే. ‘80 ప్లస్’ ముద్ర చెప్పేది విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందన్నదే, భద్రత గురించి కాదు. వోల్టేజీ తరచూ హెచ్చుతగ్గులయ్యే ఊళ్లలో నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డునూ తీసుకుపోవచ్చు. రంగు లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బు ఇక్కడ పెట్టడం మేలు.

విడిగా కొంటే ప్రతి భాగం పేరూ బిల్లులో కనిపిస్తుంది. విద్యార్థులకు అదే మంచి దారి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా మొదలుపెట్టి, డబ్బు చేరాక జతచేసుకోవచ్చు. కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. తర్వాత పెద్ద కార్డు పెట్టబోతే దానికి తగిన కనెక్టరే ఉండదు.

అలాగని రెడీమేడ్ కొనేవారు అమాయకులేం కాదు. 2021లో గ్రాఫిక్స్ కార్డుల కొరత వచ్చినప్పుడు, విడిగా కార్డు కొనడం కన్నా మొత్తం కంప్యూటర్ కొనడమే లాభంగా తోచిన సందర్భాలున్నాయి. చిన్న ఊళ్లో ఉండేవారికి ఏ భాగం చెడిందో తేల్చుకుని దాన్ని నగరానికి పంపడం కన్నా, మొత్తానికీ ఒకే వారంటీ ఉండటం తేలిక. వారు కొనేముందు రెండే అడగాలి: ర్యామ్ స్టిక్కులు ఎన్ని? ఎస్‌ఎంపీఎస్ ఏ మోడల్? ఈ రెండూ బిల్లు మీద రాసివ్వని దుకాణంలో ధర ఎంత తగ్గించినా కొనకపోవడమే నయం.