ఒకే హాలులో రెండు ఋతువులు

ప్రతి సంవత్సరం మార్చి నెల దాటగానే మన శాఖల నుంచి కేంద్ర కార్యాలయానికి అందే ఉత్తరాలలో ఒక ఫిర్యాదు తప్పనిసరిగా కనిపిస్తుంది. జీతభత్యాలు, బదిలీలు, భర్తీకాని ఖాళీలు మొదలైన పెద్ద సమస్యలన్నీ రాసిన తరువాత, ఉత్తరం అడుగున రెండు వాక్యాలలో సంకోచంతో చేర్చిన ఫిర్యాదు అది. హాలులో సెంట్రల్ ఏ.సి. ఉన్నది, కాని పడమటి కిటికీల వైపు కూర్చున్నవారు చెమటతో తడుస్తున్నారు, చల్లగాలి జాలీల కింద కూర్చున్నవారు శాలువలు కప్పుకొని పనిచేస్తున్నారు. అధికారులకు విన్నవించుకుంటే, ఒకరు చలి తగ్గించమంటారు, మరొకరు పెంచమంటారు, ముందు మీలో మీరు ఒక మాట మీదికి రండి అని సెలవిస్తున్నారు.

ఈ సమాధానాన్ని మేము అంగీకరించడం లేదు. లోపమున్నది యంత్రంలో. దానిని కొలవవచ్చు, ఎక్కడున్నదో కనిపెట్టవచ్చు, అనేక సందర్భాలలో కొద్దిపాటి ఖర్చుతో సరిచేయవచ్చు. యంత్రలోపాన్ని ఉద్యోగుల తగాదాగా చిత్రించడం పరిపాలక వర్గానికి అనుకూలంగా ఉండవచ్చును గాని, ఆ ఉచ్చులో పడి ఒకే సెక్షన్‌లోని సభ్యులు థర్మోస్టాట్ మీట కోసం పోట్లాడుకోవడం మన సంఘానికి క్షేమం కాదు.

ఫిర్యాదు రాసేవారి సంకోచం మాకు అర్థమవుతున్నది. రోహిణీ కార్తెలో పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మన్, మిట్టమధ్యాహ్నం సంచి భుజాన వేసుకొని తిరిగే పోస్టుమన్ మన సభ్యులే. వారి ముందు ఏ.సి. హాలులోని కష్టాన్ని చెప్పుకోవడం ఎబ్బెట్టుగా తోచవచ్చు. వారి ఎండ సమస్యను ఈ పత్రిక విడువలేదు, విడువబోదు. కాని రిజర్వేషన్ కౌంటరులో గాని, పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు కౌంటరులో గాని ఎనిమిది గంటలు ఉక్కలో కూర్చున్న ఉద్యోగి చేతిలో లెక్క తప్పితే ఆ సొమ్ము అతని జేబు నుంచే కట్టవలసి వస్తుంది. కంట్రోలు ఆఫీసులో అలసిన కన్ను చార్టు మీద ఒక గీత తప్పు చదివితే దాని పర్యవసానం ఆ గదితో ఆగదు.

అసలు మన కార్యాలయాలలోకి ఈ చల్లదనం ఎవరికోసం వచ్చిందో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 1868 నాటి కలకత్తా జి.పి.ఓ., 1884 నాటి చెన్నై జి.పి.ఓ., 1913 నాటి ముంబయి జి.పి.ఓ. భవనాలు చూడండి. ఎత్తైన కప్పులు, విశాలమైన వరండాలు, ఎదురెదురు కిటికీలు. గాలి ఆడేందుకు కట్టిన కట్టడాలు అవి. ఆ రోజులలో కూడ సమానత్వం లేదనుకోండి. దొరగారి నెత్తిమీద పంకా ఊగేది, దాని తాడు లాగే మనిషి వరండాలో చెమట కక్కేవాడు. తరువాత 1985లో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్ మొదలై క్రమంగా దేశమంతటికీ విస్తరించింది. తపాలా శాఖలో 1990ల దశకంలో ముంబయి, చెన్నై నగరాలకు ఉత్తరాలు వేరుచేసే యంత్రాలు వచ్చాయి. యంత్రం వేడికి ఓర్వదు కనుక ఏ.సి. వచ్చింది. పాత హాళ్ళలో ఫాల్స్ సీలింగ్ దింపారు, కిటికీలు మూసివేశారు. యంత్రానికి చల్లదనం లభించింది. మనిషికి దొరికినంత దొరికింది. నేడు ఆ ఏ.సి. ప్లాంటు ముసలిదైనపుడు కిటికీ తెరుద్దామన్నా తెరుచుకోదు.

చట్టం ఆదుకుంటుందా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షన్ గాలి, ఉష్ణోగ్రతలకు సంబంధించినది. వర్క్‌షాపు కార్మికులు దానిని చూపి మాట్లాడగలిగారు. కార్యాలయ ఉద్యోగులకు ఆ అవకాశం లేకపోయింది. 2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు తాను వర్తించనని మొదటి సెక్షన్‌లోనే చెప్పుకున్నది. ఆ కార్యాలయాలలో కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి మాత్రం వర్తిస్తుంది. అంటే హాలు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి కాగితం మీదనైనా రక్షణ ఉన్నది, పక్కనే రిజిస్టరు రాసే గుమాస్తాకు అదీ లేదు! మన విభాగాలలో ఏది కార్యాలయం, ఏది కాదు అన్న వివాదాన్ని న్యాయస్థానాలు తేల్చేలోగా ఎన్ని వేసవులు గడుస్తాయో చెప్పలేము. అందువల్ల రైల్వేలో పి.ఎన్.ఎం., తపాలాలో 1966లో నెలకొన్న జె.సి.ఎం. యంత్రాంగం, వీటినే మనం ఆశ్రయించవలసి ఉన్నది. అక్కడికి నోటి మాటతో పోరాదు, అంకెలతో పోవాలి.

ఇందుకు ప్లాంటు పనితీరు స్థూలంగా తెలిస్తే చాలు. ప్లాంటు గదిలో చల్లబడిన గాలిని ఫ్యాను రేకు డక్టుల ద్వారా హాలుకు నెడుతుంది. హాలులో వేడెక్కిన గాలి రిటర్న్ జాలీ గుండా తిరిగి యంత్రానికి చేరుతుంది. డక్టుల శాఖలలో డ్యాంపర్లనే రేకు తలుపులు ఉంటాయి. అవి పంటకాలువల తూముల వంటివి. ప్లాంటు ప్రారంభించిన నాడు ఇంజనీరు ఒక్కొక్క జాలీ వద్ద గాలిని కొలిచి, ఏ మూలకు ఎంత పోవాలో తూములను సర్దుతాడు. ఆ సర్దుబాటు ఆనాటి హాలుకు సరిపోయినది. ఆ పిమ్మట పాతికేళ్ళలో హాలు స్వరూపమే మారిపోతుంది. అధికారి గదికి ఒకవైపు ప్లైవుడ్ గోడ లేస్తుంది, మరొకవైపు సర్వరు గది వెలుస్తుంది, రికార్డు బీరువాలు రిటర్న్ జాలీకి అడ్డం నిలుస్తాయి. తూములను మాత్రం ఎవరూ మళ్ళీ ముట్టుకోరు.

శివారు భూములకు నీరు అందడం లేదని రైతులు మొరపెట్టుకుంటే, తూములు, పూడికలు చూడకుండా కాలువలోకి మరింత నీరు వదిలితే ఏమవుతుంది? ఎగువ పొలాలు మునుగుతాయి, శివారు ఎండుతూనే ఉంటుంది. థర్మోస్టాట్‌ను 24 నుంచి 20కి దింపడం సరిగ్గా ఇటువంటి వైద్యమే. వణికేవారు మరింత వణుకుతారు, చెమట పట్టేవారికి ఒరిగేది స్వల్పం, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

దక్షిణాదిలో ఒక పెద్ద కార్యాలయంలో మన కమిటీ సభ్యులు చూచిన సంగతి ఇక్కడ చెప్పదగినది. అక్కడ వరుసగా మూడు వేసవులు గ్యాసు పట్టించారు, నాలుగు స్ప్లిట్ ఏ.సి.లు అదనంగా బిగించారు. హాలు వేడి తగ్గలేదు. చివరకు వయసు మళ్ళిన ఒక ఏ.సి. ఫిట్టరు వచ్చి, థర్మోస్టాట్ ఎక్కడున్నదని అడిగాడు. హాలు గోడకు ఉండవలసిన ఆ పరికరం, మధ్యలో లేచిన ప్లైవుడ్ గోడ పుణ్యమా అని, అధికారిగారి గదిలోకి చేరిపోయింది. ఆయన క్యాంపుకు వెళ్ళినపుడు మూసిన ఖాళీ గది త్వరగా చల్లబడుతుంది. ఇక చాలునని థర్మోస్టాట్ ప్లాంటుకు చెబుతుంది. బయట నలభైమంది ఉడుకుతూ ఉంటారు. దానిని హాలు నడిమి స్తంభానికి మార్చడానికి ఒక్క పూట పట్టింది. కొత్త చోటు కూడ చూసి ఎంచుకోవాలి సుమా: జాలీకి నేరుగా కింద, ప్రింటరు పక్కన, ఎండ తగిలే గోడ మీద పెడితే మళ్ళీ అదే కథ.

కనుక ప్రతి శాఖ చేయవలసిన మొదటి పని కొలత. సాధారణమైన థర్మామీటర్లు రెండు చాలు. ముందుగా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే అంకె చూపుతున్నాయో లేదో చూసుకోండి. హాలు పటం గీసి, కుర్చీలకు నంబర్లు వేయండి. పది పనిదినాలపాటు, ఉదయం పని మొదలైన గంటకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగింటికి బల్ల ఎత్తున ఉష్ణోగ్రత రాయండి. ఎండ నేరుగా తగలనీయరాదు. ప్రతి జాలీ వద్ద సన్నని కాగితపు పేలిక పట్టుకొని గాలి బలంగా ఉన్నదో, మందంగా ఉన్నదో గుర్తించండి. చలి అనేవారి కుర్చీని, ఉక్క అనేవారి కుర్చీని ఒకే శ్రద్ధతో కొలవాలి. పట్టిక మీద ఇద్దరూ సంతకం చేయాలి.

ఈ పట్టిక చదవడం కష్టం కాదు. ఒకే కుర్చీ ఉదయం నుంచి సాయంత్రం దాకా వేడిగా ఉంటే ఆ శాఖ డ్యాంపరు మూసుకున్నదో, ఫాల్స్ సీలింగ్ పైన డక్టు ఊడి చల్లగాలి కప్పులోకే పోతున్నదో చూడమనాలి. మధ్యాహ్నం మాత్రమే వేడెక్కితే అది పడమటి ఎండ. అక్కడ కావలసినది తెర, కిటికీపై నీడ. ఉదయం బాగుండి గంట గంటకూ హాలంతా వేడెక్కుతుంటే ఫిల్టర్లు, కాయిలు మసిబారాయా, కాయిలుపై మంచు కడుతున్నదా, లేక జనమూ కంప్యూటర్లూ ప్లాంటు శక్తిని మించిపోయారా అన్నది తేల్చాలి. ఇంకొక కొలత ముఖ్యమైనది. రిటర్న్ జాలీలోకి పోయే గాలికి, సరఫరా జాలీ నుంచి వచ్చే గాలికి మధ్య సాధారణంగా 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటుంది. చెన్నై, విశాఖ వంటి తేమ ప్రాంతాలలో కొంత తగ్గవచ్చు. గాలి ధారాళంగా వస్తూ తేడా బాగా తక్కువగా ఉంటే చల్లబరచడంలో లోపం. తేడా సరిపడా ఉండి గాలి మందంగా ఉంటే అడ్డు ఎక్కడో ఉన్నది, ఫిల్టరులోనో, జారిపోయిన ఫ్యాను బెల్టులోనో.

ఏటేటా గ్యాసు పట్టించామని గొప్పగా చెప్పుకునే అధికారులను ఒక ప్రశ్న అడగాలి. గ్యాసు దీపంలో నూనెవలె ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే కారుతున్నదని అర్థం. కారే చోటు మూయకుండా మళ్ళీ నింపడం ప్రజాధనాన్ని గాలిలో కలపడమే. పైగా పాత యంత్రాలలో వాడే ఆర్-22 వాయువు ఓజోన్ పొరకు చేటు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దానిని 2030 నాటికి దాదాపు పూర్తిగా మానివేయవలసి ఉన్నది. ఆ ప్లాంట్లను ఎప్పుడు మారుస్తారో ఇప్పుడే తేదీలు చెప్పమని అడగడం న్యాయం.

లోపాలు ఇన్నాళ్ళు మరుగున ఎందుకు పడి ఉన్నాయన్న దానికి మా అభిప్రాయం స్పష్టం. మునుపు ప్లాంటు దగ్గర మన ఫిట్టరు, మన ఖలాసీ ఉండేవారు. ఫ్యాను చప్పుడు వినే బెల్టు జారుతున్నదని చెప్పగలిగేవారు. ఆ పోస్టులు సరెండరు కావడంతో వార్షిక కాంట్రాక్టు వచ్చింది. కాంట్రాక్టరు పంపే కుర్రవాడు ఈ నెల ఇక్కడ, వచ్చే నెల మరొక ఊళ్ళో. ఫిల్టరు కడిగినట్లు లాగ్‌బుక్‌లో సంతకం ఉంటుంది, కడిగేందుకు అతనికి ఇచ్చిన సమయం మాత్రం ఉండదు. అతని మీద కోపగించుకోవద్దని మన సభ్యులను కోరుతున్నాము. అడగవలసినది ఆ కాంట్రాక్టు షరతులు రాసినవారిని.

24 డిగ్రీల మాట కూడ తేల్చుకుందాం. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబులు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు తయారు కావాలని ప్రభుత్వం నిర్దేశించింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బి.ఇ.ఇ., లెక్క. పొదుపుతో మనకు పేచీ లేదు. ఆ 24 అధికారి గదిలోని 24 కారాదు, కౌంటరు దగ్గరి 24 కావాలి. ఆఫీసులలో హాయిని లెక్కగట్టే ప్రమాణం 1960లలో పురుషుని శరీరతత్వాన్ని ఆధారం చేసుకొని రూపొందినదని, స్త్రీల శరీరం పుట్టించే వేడిని అది ఎక్కువగా అంచనా వేస్తున్నదని 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో పరిశోధకులు చూపారు. శాలువ కప్పుకున్న సోదరీమణులను చూచి నవ్వేవారు ఇది గమనింతురు గాక.

కరెంటు పొదుపు పేరిట బయటిగాలి డ్యాంపరును మూసివేయడం మరొక దురాచారం. కరోనా కాలంలో, 2020లో, సి.పి.డబ్ల్యు.డి. ఏ.సి. హాళ్ళలో 24 నుంచి 30 డిగ్రీలు, 40 నుంచి 70 శాతం తేమ ఉండేటట్లు, బయటిగాలి లోనికి వచ్చేటట్లు చూడమన్నది. ఆ శ్రద్ధ రోగభయంతోపాటే పోయినట్లున్నది.

రాబోయే పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశాలకు ముందు అన్ని శాఖలు పట్టికలు పూర్తిచేయాలి. గత రెండు సంవత్సరాల నిర్వహణ లాగ్‌బుక్ చూపాలని, డక్టులలో గాలిని కొలిచి డ్యాంపర్లను తిరిగి సర్దాలని, థర్మోస్టాట్ హాలులోకి రావాలని, సరెండరైన ఫిట్టరు పోస్టులు పునరుద్ధరించాలని అజెండాలో రాయించండి. లోపం సవరించిన తరువాత మళ్ళీ పది రోజులు కొలిచేవరకు ఆ అంశాన్ని ముగించినట్లు మినిట్స్‌లో ఒప్పుకోవద్దు. పట్టిక మూడు ప్రతులు తీయండి: ఒకటి అధికారికిచ్చి రసీదు తీసుకోవాలి, ఒకటి శాఖ ఫైలులో ఉండాలి, మూడవది మా కార్యాలయానికి పంపాలి. థర్మామీటర్ల ఖరీదు శాఖా నిధి నుంచి పెట్టుకోవచ్చు.