పొడుగుకాలు, పొట్టికాలు

మొన్న ఆదివారమునాడు మా వారి శిష్యురాలొకతె, తొమ్మిదవ తరగతి బాలిక, కన్నుల నీరు నింపుకొని మా యింటికి వచ్చినది. ఆమె చేతిలో రంధ్రములుగల పలక. దానిపై ఎఱ్ఱని దీపపుగింజలు నాలుగు, ఎనిమిది కాళ్ల నల్లని చిప్పు ఒకటి. విజ్ఞాన ప్రదర్శనమునకు మిణుకుమను దీపమాల చేయవలెనని పూనినదట. తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ముతో సామాను కొన్నది. బాటరీ కలుపగా దీపమొక్కటియు వెలుగలేదు సరిగదా, చిప్పు వ్రేలు పెట్టరానంతగా కాలిపోయినది. “ఆడపిల్లకీ తీగల గొడవ యేల?” అని యింటి పెద్దలు అప్పుడే అనుచున్నారట.

పాత గాజుబల్బునకు తీగలెటు కలిపినను వెలుగును. ఎల్.ఇ.డి. అట్లు కాదు, విద్యుత్తును ఒక దిక్కునకే పోనిచ్చును. మనము ఓటు మీట నొక్కినప్పుడు యంత్రముపై వెలుగు ఎఱ్ఱదీపమును ఈ జాతిదే. ఆ యంత్రములను చేయు సంస్థలలో నొకటి 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. గింజకు పొడుగుకాలు ధనధ్రువము, పొట్టికాలు ఋణధ్రువము.

“కాళ్లు కోసేసిన, ఇగ ఎట్ల దెలుస్తదమ్మా?” అని పిల్ల యడిగినది.

గింజ అంచును గోటితో తడిమి చూడుమంటిమి. గుండ్రని అంచు ఒకచోట చదునుగా నుండును. ఆ ప్రక్కనున్నది ఋణము. లోపల కానవచ్చు పెద్దముక్క ఋణమని పలువురు చెప్పుదురు గాని, అన్ని గింజలయందు అట్లుండదు. సందేహమున్నచో మల్టీమీటరును డయోడు గుర్తున నుంచి, ఎఱ్ఱతీగను ధనమునకు, నల్లతీగను ఋణమునకు తాకింపవలెను. గింజ మందముగా వెలుగును. ఇట్లు చూడగా రెండు గింజలు తిరుగబడియున్నవి. తొమ్మిది వోల్టుల బాటరీకి గింజకొక 470 ఓముల రెసిస్టరు పెట్టుట మాత్రము పిల్ల మఱువలేదు.

ఇక చిప్పు. అది 1971లో హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన 555. దాని నొక్కును పైకి పెట్టి చూచినచో ఎడమ మొదటికాలు 1; అటనుండి క్రిందికి 4 వఱకు, పిదప కుడిప్రక్కన క్రిందినుండి పైకి 5 మొదలు 8 వఱకు, అనగా అప్రదక్షిణముగా లెక్క. ఈ సూత్రము పిల్లకు కంఠస్థమే! మఱి తప్పెక్కడ? తీగలు కలుపుటకు పలకను తిరుగవేసి, అడుగువైపున కూడ అప్రదక్షిణముగానే లెక్కించినది. మన సిద్దిపేట గొల్లభామ చీరను తిరుగవేసి చూచినచో భామ కుడిచేయి ఎడమప్రక్కకు వచ్చును గదా! పలకయు నంతే, అడుగునుండి చూచునపుడు ప్రదక్షిణముగా లెక్కింపవలెను. ఋణము కలుపవలసిన 1, ధనము కలుపవలసిన 8 తారుమారై చిప్పు కాలినది.

క్రొత్త చిప్పునకు కొలది రూపాయలే యైనవి. ఈమారు పలకకు సాకెటు అతికించి, అడుగున కాళ్ల ప్రక్కనే కలముతో అంకెలు వ్రాయించితిమి. నిన్న సాయంకాలము తల్లియు వెంట వచ్చినది. ఆమె అంకెలు చదువుచుండగా పిల్ల తీగలు కలిపినది. దీపములు నాలుగును మిణుకుమన్నవి. ప్రదర్శనము వచ్చు శుక్రవారము.